భీమిలి దారిలో ఒక రోజు

పిల్లలూ! మన తెలుగుదేశానికి తూర్పున బంగాళాఖాతం ఒడ్డు వెంబడి ఎన్నో ఊళ్ళు ఉన్నాయి. కాని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దాదాపు దారి పొడవునా సముద్రాన్ని చూపిస్తూ తీసుకుపోయే రోడ్లు బహు కొద్ది. అటువంటి రోడ్డు విశాఖపట్నం నుంచి భీమునిపట్నానికి ఉంది. భీమునిపట్నాన్ని అందరూ భీమిలి అనే అంటారు. పోయేటప్పుడు కుడిచేతి పక్క సముద్రం, ఎడమచేతి పక్క కొండలు, రెండింటికీ నడుమ రోడ్డు. పొడవు సుమారు 30 కిలోమీటర్లు, అంటే మా చిన్ననాటి లెక్కలో పద్దెనిమిది మైళ్ళ పైచిలుకు. కారులో పోతే గంట ప్రయాణం. మేము మాత్రం ఆ గంట దారి కోసం ఒక రోజంతా ఖర్చు పెట్టాం.

మేమంటే నేను, మా మనవరాలు, మనవడు. మనవరాలికి పన్నెండేళ్ళు, మనవడికి తొమ్మిది. కారు నడిపే అతను ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడే. లెక్కల్లో కొంచెం వెనకబడేవాడు గాని, ఏ చెట్టు మీద ఏ పిట్ట గూడు కట్టిందో తెలియాలంటే బడి మొత్తం అతన్నే అడిగేది. ఇప్పుడతని జుట్టు కూడా నెరిసింది. అయినా నన్ను "మాస్టారూ" అనే పిలుస్తాడు.

అది మార్చి నెలాఖరు. క్రితం రోజే పున్నమి వెళ్ళింది. తెల్లవారుజామున నాలుగున్నరకు రామకృష్ణా బీచి దగ్గర బయల్దేరాం. అక్కడ ఒడ్డున ఇసుక మీద 91 మీటర్ల పొడవున్న జలాంతర్గామి ఒకటి ఉంది. దాని పేరు కుర్సుర. అది 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో సముద్రంలో కాపలా కాసి, 2001లో కొలువు చాలించింది. ఆ మరుసటి ఏడే దాన్ని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు.

"మీలాగే రిటైరయిందన్నమాట, తాతగారూ!" అన్నాడు మనవడు.

"అవునురా. కాని నాకన్న దాన్ని చూడటానికే ఎక్కువమంది వస్తారు," అన్నాను.

రోడ్డుకు అవతలి పక్కన టి.యు. 142 అనే పెద్ద విమానం ఉంది. అదీ నౌకాదళం కోసం సముద్రం మీద గస్తీ తిరిగిందే. 2017లో దాన్నీ ప్రదర్శనకు పెట్టారు. తిరుగుదారిలో పొద్దుంటే రెండూ ఎక్కి చూద్దామనుకుని ముందుకు సాగాం.

కైలాసగిరి కొండ చీకట్లో నల్లగా కనపడింది. పగలైతే ఆ కొండ మీదికి తీగెల మీద నడిచే పెట్టెలో కూర్చుని పోవచ్చు. పైనుంచి చూస్తే ఒడ్డంతా కొడవలి వంపులా ఉంటుంది. కొండను దాటాం. సాగరనగర్ కూడా దాటాం. రుషికొండ ఇంకా రాలేదు. రోడ్డుకు సముద్రం పక్కన సరుగుడు చెట్లు, ఇసుక, మూసి ఉన్న కొట్లు, వాటి ముందు రాత్రంతా వెలుగుతూ ఉండిపోయిన దీపాలు కనపడుతున్నాయి. ఉన్నట్టుండి డ్రైవరు కారు ఆపి, దీపాలు ఆర్పేశాడు.

"ఏమిటోయ్?" అన్నాను.

"మాస్టారూ, దిగేటప్పుడు కాళ్ళ కింద చూసుకోండి. రోడ్డు మీద తాబేలు పిల్లలున్నాయి."

మేము మెల్లగా దిగాం. ముందు నాకేమీ కనపడలేదు. కాసేపటికి కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. రోడ్డు మీద నల్లని చిన్న వస్తువులు కదులుతున్నాయి. ఒక్కొక్కటీ అగ్గిపెట్టెకన్న చిన్నది. ముందరి కాళ్ళు తెడ్లలా ఆడిస్తూ అవి గబగబా పాకుతున్నాయి. విచిత్రమేమిటంటే సముద్రం వాటికి వెనకపక్కన ఉంది. అవి మాత్రం రోడ్డును అడ్డంగా దాటి దీపాల వైపు పోతున్నాయి. మాకన్న ముందు పోయిన బండ్ల కింద పడి మూడు పిల్లలు నలిగిపోయి ఉన్నాయి. మనవడు వాటిని చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఈ తీరంలో అటవీశాఖవారు తాబేలు గుడ్లను కాపాడటానికి ఒడ్డున కంచెలు కట్టి, జాలరుల్లో కొందరిని కాపలా పెడతారు. డ్రైవరు తనకు తెలిసిన కాపలా మనిషికి ఫోను చేశాడు. పావుగంటలో ఒక ముసలి జాలరి చేతిలో బకెట్టుతో పరుగులాంటి నడకతో వచ్చాడు. ఎవ్వరినీ దీపం వెయ్యవద్దన్నాడు. ఆయన చెప్పినట్టే బకెట్టు అడుగున తడి ఇసుక పోసి, వెన్నెల వెలుగులోనే పిల్లలను ఒక్కొక్కటిగా ఏరాం. మనవరాలు లెక్క పెట్టింది. మొత్తం ఇరవై ఆరు ప్రాణాలతో దొరికాయి.

"ఈ గూడు మా కంటికి ఆనలేదు బాబూ! అగుపడుంటే గుడ్లు తీసి కంచెలో ఎట్టీసేవోళ్ళం," అన్నాడు ముసలాయన, తప్పు తనదే అయినట్టు.

మనవడు ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుని, "దీన్ని ఇంటికి తీసుకుపోయి తొట్టిలో పెంచుకుందాం, తాతగారూ!" అన్నాడు.

"అది సముద్రంలో బతికే జంతువు. తొట్టిలో చచ్చిపోతుంది. అదీగాక 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకుపోవటం నేరం కూడా," అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. అది చూసి ముసలాయన బకెట్టు వాడి చేతికే ఇచ్చాడు.

అందరం ఒడ్డుకు నడిచాం. నీటికి పదిబారల దూరంలోనే ఆయన మమ్మల్ని ఆపాడు. "ఇక్కడ దింపీయి బాబూ. ఆటిని నడవనియ్యాల," అన్నాడు. ఆ ఇసుక మీద నడిచేటప్పుడే తాబేలు పిల్ల తాను పుట్టిన తీరాన్ని ఏదో విధంగా గుర్తు పెట్టుకుంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. మనవడు బకెట్టు మెల్లగా వంచాడు. పిల్లలు ఒక క్షణం ఆగి, తలలెత్తి, నురగ కనపడే వైపు నడక సాగించాయి. మొదటి అల వాటిలో కొన్నింటిని వెనక్కు తోసేసింది. అవి మళ్ళీ లేచి పోయాయి. రెండు మూడు అలలు వచ్చిపోయేసరికి ఇసుక మీద గీతలు మాత్రం మిగిలాయి.

కారెక్కాక మనవడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "తాతగారూ! సముద్రం అంత పెద్దది గదా, అది వాటికి కనపడలేదా?" అని అడిగాడు.

మంచి ప్రశ్నే! ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను గాని ఇటువంటి ప్రశ్నలు నన్ను అడిగినవాళ్ళు ఎక్కువమంది లేరు. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ తాబేలు సంగతి కొంత తెలియాలి.

దాన్ని ఆలివ్ రిడ్లే తాబేలు అంటారు. పెరిగితే మూరన్నర దాకా పొడవుంటుంది, నలభై యాభై కిలోల వరకు తూగుతుంది. దాని జీవితమంతా సముద్రంలోనే. గుడ్లు పెట్టటానికి మాత్రం ఆడ తాబేలు చలికాలం చివర రాత్రివేళ ఒడ్డుకు వస్తుంది. వెనక కాళ్ళతో ఇసుకలో గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, గుంట పూడ్చి, తిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంది. గుడ్లను పొదిగేది తల్లి కాదు, ఇసుక వేడి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. ఇంకో చిత్రం కూడా ఉంది. గూటి ఇసుక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి.

పిల్లలన్నీ కలిసి ఇసుక తవ్వుకుంటూ సాధారణంగా రాత్రివేళే పైకి వస్తాయి. పగలైతే ఎండకు మాడిపోతాయి, కాకులూ గద్దలూ తన్నుకుపోతాయి. వాటికి దారి చూపేవాళ్ళు లేరు. పుట్టుకతో వచ్చిన తెలివి ఒక్కటే ఉంది: వెలుతురు ఎటు ఎక్కువగా ఉంటే అటు పోవాలి. రాత్రిపూట నేలవైపు చెట్లూ కొండలూ నల్లగా ఉంటాయి. సముద్రం మీద ఆకాశపు వెలుతురు పడి మెరుస్తూ ఉంటుంది. లక్షల ఏళ్ళుగా ఆ తెలివి వాటిని ఒక్కనాడూ మోసం చెయ్యలేదు.

"అయితే ఇప్పుడెందుకు మోసపోయాయి?" అన్నది మనవరాలు. వెంటనే తనే, "మన దీపాలు!" అన్నది.

"ఆటికి ఎలుగున్న కాడే సముద్రం," అన్నాడుట ముసలి జాలరి డ్రైవరుతో. నేను పావుగంట పాఠం చెప్పాను. ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

భీమిలి చేరేసరికి తెల్లవారింది. సూర్యుడు నీళ్ళలోంచి ఎర్రని పళ్ళెంలా పైకి లేచాడు. ఇక్కడ గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. అది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, ఇంతదూరం వస్తుంది. నది మొగ దగ్గర కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. తలా రొమ్మూ తెల్లగా, రెక్కలు ఇటికరంగులో ఉన్న గరుడ పక్షి ఒకటి నీటికి ఏటవాలుగా దిగి, గోళ్ళతో చేపను తన్నుకుపోయింది. అలల అంచున చిన్న ఉల్లంకి పిట్టలు అల వస్తే వెనక్కూ, పోతే ముందుకూ పరుగెత్తుతున్నాయి. వాటిలో చాలా రకాలు చలికాలానికి ఉత్తర దేశాల నుంచి వేల మైళ్ళు ఎగిరి వస్తాయి, వేసవి ముదరకముందే తిరిగి వెళ్ళిపోతాయి. దగ్గరికి పోయి అదిలిస్తే అవి మేత మాని ఎగురుతాయి. దూరప్రయాణానికి దాచుకోవలసిన బలం అట్లా వృథా అవుతుంది. అందుకని మేము ఇసుక మీద కూర్చుని దుర్భిణీతో చూశాం. కూర్చుంటే భయపడక అవే దగ్గరికి వచ్చాయి.

ఒడ్డున పాతికమంది జాలరులు రెండు వరసలుగా నిలబడి అలివి వల లాగుతున్నారు. వల ఒడ్డుకు వచ్చేటప్పటికి అందులో నెత్తళ్ళూ కవ్వళ్ళూ వెండిబిళ్ళల్లా ఎగిరిపడ్డాయి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలు సముద్రం మీదికి పోరాదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆ విరామం పెట్టింది. "మనకు వేసవి సెలవుల్లాగా చేపలకన్నమాట!" అన్నాడు మనవడు.

భీమిలిలో డచ్చివారి పాత గోరీలున్నాయి. వారు 17వ శతాబ్దంలో వర్తకానికి ఇక్కడికి వచ్చి, 1825లో ఊరిని ఇంగ్లీషువారికి వదిలి వెళ్ళారు. ఈ ఊరికి పురపాలక సంఘం 1861లోనే ఏర్పడింది. ఊరి పక్కన పావురాలకొండ మీద బౌద్ధుల నాటి శిథిలాలూ, నరసింహస్వామి గుడీ ఉన్నాయి. ఇడ్లీలు తిని, దీపస్తంభం చూసి, వచ్చిన దారినే వెనక్కు తిరిగాం. అసలు ప్రయాణం ఇక్కడి నుంచే మొదలయింది.

భీమిలి నుంచి కొంతదూరం రాగానే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. లోపలికి నడిస్తే మనం వేరే లోకంలోకి వచ్చామా అనిపిస్తుంది. నేలంతా కుంకుమరంగు. వాన నీళ్ళు కోసిన వాగులు, వాటి పక్కన నిటారు గోడలు, గోడల మీద బయటపడి వేళ్ళాడే చెట్ల వేళ్ళు! సినిమాల్లో మీరు ఈ చోటును చూసే ఉంటారు.

ఇవి ఎట్లా ఏర్పడ్డాయంటే, సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట భూమి మీద మంచుయుగం నడుస్తున్నది. నీరు చాలా భాగం మంచుగా గడ్డకట్టినందువల్ల సముద్రమట్టం ఇప్పటికన్న నూరు మీటర్లకు పైగా దిగిపోయింది. ఒడ్డు ఎంతో దూరం వెనక్కు జరిగి, సముద్రం అడుగున ఉండే ఇసుక బయటపడింది. గాలి ఆ ఇసుకను తెచ్చి ఇక్కడ దిబ్బలుగా పోసింది. ఆ ఇసుకలో ఇనుము కలిగిన ఖనిజాలున్నాయి. తడిసిన మేకు తుప్పు పట్టి ఎర్రనైనట్టే, వేల ఏళ్ళు వానకు తడిసి గాలికి ఆరి ఇసుక రేణువులు ఎర్రపొర కప్పుకున్నాయి. దక్షిణ ఆసియాలో ఇటువంటివి తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ తప్ప మరెక్కడా లేవంటారు. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి.

ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. నలభై ఏళ్ళ కిందట కొత్త మాస్టరుగా ఉన్నప్పుడు నలభై అయిదుమంది పిల్లలను ఇక్కడికి విహారానికి తెచ్చాను. ఆ ఉత్సాహంలో, "ప్రతివాళ్ళూ ఒక ఇంకు సీసాలో ఎర్రమట్టి నింపుకోండి, జ్ఞాపకంగా ఉంటుంది," అన్నాను. పిల్లలు గోడలు గీకి గీకి నింపుకున్నారు. కొందరు కొమ్మలతో పేర్లు చెక్కారు. నేను వారించలేదు.

"ఒక్క సీసాతో దిబ్బ తరిగిపోతుందా, తాతగారూ?" అన్నది మనవరాలు.

"ఒక్క సీసాతో తరగదు. లెక్క చెయ్యి. రోజుకు వందమంది వచ్చి తలా అరకిలో మట్టి పట్టుకుపోతే?"

ఆమె వేళ్ళు లెక్కపెట్టి, "రోజుకు యాభై కిలోలు. ఏడాదికి 18,250 కిలోలు!" అన్నది. అంటే పద్దెనిమిది టన్నుల పైన. పట్టుకుపోయినదానికన్న గీకటం వల్ల వదులైపోయి మొదటి వానకు కొట్టుకుపోయేది ఇంకా ఎక్కువ. దిబ్బను పోసిన గాలి ఇప్పుడు లేదు, ఆ కాలపు సముద్రమూ లేదు. పోయింది పోయినట్టే.

మా వెనక నిలబడ్డ డ్రైవరు గొంతు సవరించుకుని, "ఆ సీసా మా ఇంట్లో ఇంకా ఉంది, మాస్టారూ! ఈసారి ఇటు వచ్చినప్పుడు తెచ్చి ఇక్కడే పోసేస్తాను," అన్నాడు. అతను ఆనాటి నలభై అయిదుమందిలో ఒకడని నాకు అప్పటిదాకా గుర్తు రాలేదు.

ఎండ ముదిరే లోపల తొట్లకొండ ఎక్కాం. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున్న ఈ కొండ మీద రెండువేల ఏళ్ళనాటి బౌద్ధారామం ఉంది. 1976లో నౌకాదళంవారు విమానం మీంచి ఈ ప్రాంతాన్ని సర్వే చేస్తుంటే దీని జాడ తెలిసింది. 1988 నుంచి కొన్నేళ్ళు తవ్వితే స్తూపాలు, భిక్షువుల గదులు, భోజనశాల బయటపడ్డాయి. శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమను వెండి నాణేలు కూడా దొరికాయి. ఎక్కడి రోము, ఎక్కడి మన కొండ! సముద్ర వర్తకం ఆ రోజుల్లోనే ఎంతదూరం సాగిందో చూడండి.

కొండకు పేరు తెచ్చినవి రాతిలో తొలిచిన తొట్లు. కొండమీద బావి పడదు, ఏరు పారదు. అందుకని భిక్షువులు వాన నీటిని ఈ తొట్లలోకి మళ్ళించి దాచుకునేవారు. "కింద అంత సముద్రం పెట్టుకుని వాన నీటి కోసం తొట్లు తొలిచారా!" అని మనవడు ఆశ్చర్యపోయాడు. సముద్రం నీళ్ళు తాగటానికి పనికిరావు గదా! ఉన్నదేదో, పనికొచ్చేదేదో తెలుసుకుని పొదుపుగా వాడుకున్నారు గనకనే అంతమంది ఆ కొండమీద బతకగలిగారు. చెట్టునీడన పులిహోర తిని, పొట్లాల కాగితాలు మళ్ళీ సంచిలోనే పెట్టుకుని దిగాం.

కొండ కిందనే మంగమారిపేట. అక్కడ ఒడ్డున సముద్రం తొలిచిన రాతి తోరణం ఒకటి ఉంది. మేము కావాలనే మధ్యాహ్నం మూడు దాటాక అక్కడికి చేరాం. పున్నమికీ అమావాస్యకూ చంద్రుడూ సూర్యుడూ కలిసి నీటిని లాగుతారు. అందుచేత ఆ రోజుల్లో పోటు ఎక్కువగా ఎక్కుతుంది, పాటు ఎక్కువగా తీస్తుంది. అట్లా నీరు బాగా తీసినప్పుడు మామూలుగా మునిగి ఉండే రాళ్ళు బయటపడి, వాటి సందుల్లో చిన్న చిన్న నీటి గుంటలు నిలుస్తాయి. ఒక్కొక్క గుంటా ఒక్కొక్క చిన్న సముద్రం!

మోకాళ్ళ మీద కూర్చుని చూశాం. ఒక గుంటలో పువ్వులాంటిది విచ్చుకుని ఉంది. అది పువ్వు కాదు, సీ ఎనిమోన్ అనే జంతువు. రేకులనుకున్నవి దాని చేతులు. దగ్గరికి వచ్చిన చిన్న ప్రాణిని వాటితో కుట్టి మింగుతుంది. మరొక గుంటలో నల్లని ముళ్ళబంతి ఉంది, దాన్ని సముద్రపు ముళ్ళజీవి అనవచ్చు. ఒక శంఖం దానంతటది నడిచిపోతున్నది. మనవడు కేకపెట్టాడు. చూస్తే లోపల పీత ఉంది. దానికి వీపు వెనక భాగం మెత్తగా ఉంటుంది. అందుకని చచ్చిపోయిన నత్తల గుల్ల వెతుక్కుని అందులో కాపురముంటుంది. ఒళ్ళు పెరిగినప్పుడల్లా ఇంకో పెద్ద గుల్ల చూసుకుని ఇల్లు మారుతుంది.

మనవరాలు పొద్దుటి నుంచి ఏరి జేబులో వేసుకున్న గుల్లలను బయటికి తీసి చూసుకుంది. "ఇవి ఖాళీవే గదా, తాతగారూ?" అన్నది. అంతలో తనే, "ఖాళీ ఇళ్ళు!" అని అన్నిటినీ ఆ రాళ్ళ పక్కనే పెట్టేసింది. నేనేమీ చెప్పవలసిన పని లేకపోయింది.

ఇటువంటి చోట నడిచేటప్పుడు వట్టి రాయి మీదే అడుగు వెయ్యాలి. ఏ రాయినైనా ఎత్తి చూస్తే మళ్ళీ ఎట్లా ఉన్నదాన్ని అట్లాగే పెట్టాలి. రాయి కింద నీడలో బతికే ప్రాణులు ఎండలో ఎక్కువసేపు ఆగలేవు. నీరు మళ్ళీ ఎక్కటం మొదలుకాగానే ఒడ్డుకు వచ్చెయ్యాలి. పెద్దవాళ్ళు తోడు లేకుండా అసలు వెళ్ళరాదు.

అక్కడి నుంచి రుషికొండ. ఈ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. శుభ్రమైన నీరూ, రక్షణ ఏర్పాట్లూ ఉన్న బీచిలకు దాన్ని ఇస్తారు. తెడ్డు పడవలు నడిపేవాళ్ళు, పలకల మీద నిలబడి అలలపై జారేవాళ్ళు ఇక్కడ కనపడతారు. పిల్లలిద్దరూ కాపలావాళ్ళు గుర్తు పెట్టిన హద్దు లోపల తనివితీరా నీళ్ళాడారు.

మీరు కూడా సముద్రస్నానం చేస్తారు గనక ఒక సంగతి గుర్తుంచుకోండి. అలలతో ఒడ్డుకు వచ్చిన నీరు ఏదో ఒక చోట తిరిగి లోపలికి పోవాలి గదా! ఆ నీరంతా ఒక ఇరుకు కాలువలా చేరి వేగంగా లోపలికి పారుతుంది. పైకి చూస్తే ఆ చోట అలలు విరగవు, నీరు నిమ్మళంగా ఉన్నట్టుంటుంది. అందుకే తెలియనివాళ్ళు అక్కడే దిగుతారు. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదరాదు, అలిసిపోతారు. ఒడ్డు పొడవునా పక్కకు ఈది ఆ కాలువ దాటాలి. తరవాత అలలే ఒడ్డుకు చేరుస్తాయి. ఈత రానివాళ్ళకు మోకాటి లోతే హద్దు.

పొద్దు కొండల వెనక్కు దిగింది. తెల్లవారుజామున కారు ఆపిన చోటికి వచ్చేసరికి చీకటిపడింది. పొద్దుట మూసి ఉన్న కొట్లు ఇప్పుడు తెరిచి ఉన్నాయి. మొక్కజొన్న కండెలు కాల్చే ఒక కొట్టు ముందు పెద్ద దీపం వెలుగుతున్నది. దాని వెలుతురు సరుగుడు చెట్ల మీదుగా ఇసుక మీదికి పడుతున్నది. మనవరాలు తిన్నగా కొట్టతని దగ్గరికి పోయి పొద్దుటి సంగతంతా చెప్పి, "ఆ దీపం ఆర్పేస్తారా?" అని అడిగింది.

"ఆర్పేస్తే నా కొట్టు ఎవరికి కనిపిస్తాదమ్మా? మరి నా బేరం?" అన్నాడతను. అతని మాటలోనూ తప్పు లేదు. పిల్లలున్నవాడు, బీచికి వచ్చే జనం మీదే బతుకుతున్నాడు.

మనవరాలు ఆలోచనలో పడింది. మనవడు దీపం కేసీ, సముద్రం కేసీ, రోడ్డు కేసీ చూసి, "బేరానికి వచ్చేవాళ్ళు రోడ్డు పక్కనుంచి వస్తారు. తాబేళ్ళు ఇటుపక్కనుంచి వస్తాయి. ఇటుపక్క మాత్రం కప్పేస్తే?" అన్నాడు.

డ్రైవరు కారులోంచి ఒక అట్టపెట్టె తెచ్చి చించాడు. కొట్టతనే సన్నతీగె ఇచ్చాడు. దీపానికి సముద్రం పక్కన అట్ట కట్టి, వెలుతురు కిందికీ రోడ్డు మీదికీ మాత్రమే పడేట్టు చేశారు. ఇసుక మీద చీకటి పరుచుకుంది. కొట్టు మునుపటిలాగే వెలుగుతున్నది.

"కొట్టు కట్టేటప్పుడు పూర్తిగా ఆర్పేసి పోతాన్లెమ్మా! రేపు రేకు ముక్క బిగిస్తాను, వానకు నానకుండా," అన్నాడతను. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాలున్న దేశాల్లో కూడా ఇదే పద్ధతి: దీపాన్ని కిందికి దించి, సముద్రం పక్క మూసి, అవసరం లేని వేళ ఆర్పటం. మేము నాలుగు కండెలు కొనుక్కుని ఇసుక మీద కూర్చున్నాం.

ఏడు గంటలకు చంద్రుడు సముద్రంలోంచి లేచాడు. నీళ్ళ మీద వెండిదారి ఒకటి మా కాళ్ళదాకా పరుచుకుంది. దీపం చాటయింది గనక ఆ వెలుతురు ఎంత ఉంటుందో అప్పుడు తెలిసింది.

"పొద్దుట పోయిన పిల్లలు మళ్ళీ వస్తాయా?" అన్నాడు మనవడు.

"వెయ్యింటికి ఒకటి పెద్దదవుతుందంటారు. చేపలు తింటాయి, పక్షులు తింటాయి, వలల్లో చిక్కుకుని ఊపిరాడక చచ్చేవీ ఉన్నాయి. బతికితే పది పదిహేనేళ్ళకు గుడ్లు పెట్టటానికి ఈ తీరానికే వస్తుంది."

"ఇరవై ఆరే గదా మనం వదిలింది," అన్నాడు వాడు దిగులుగా.

"అందుకే ఒక్కటి కూడా రోడ్డు మీద పోరాదు," అన్నది మనవరాలు. తరవాత మనసులో ఏదో లెక్క వేసుకుని, "పదిహేనేళ్ళకు నాకు ఇరవై ఏడు. అప్పుడు కారు నేనే నడుపుతాను. మీరు ముందు సీట్లో కూర్చోండి, తాతగారూ! ఆ తాబేలు వచ్చేసరికి ఒడ్డు చీకటిగా ఉన్నదో లేదో చూడాలి," అన్నది.

నాకు అప్పటికి ఎనభై ఒకటి. లెక్క నేనూ వేసుకున్నాను గాని పైకి చెప్పలేదు.

"సరే," అన్నాను.

కుర్సురలోకి ఎక్కే పొద్దు లేకపోయింది. దాన్ని మరో ఆదివారానికి దాచుకున్నాం. అది ఎక్కడికీ పోదు. తిరుగుదారిలో డ్రైవరు కారు మెల్లగా నడిపాడు. ఎవరూ చెప్పకుండానే మేము నలుగురమూ ఇంటిదాకా రోడ్డు మీదికే చూస్తూ వచ్చాం.